తాళాల గుత్తి

మా ఇంట్లో కూరగాయలకి పట్టుకెళ్ళే సంచి మీద ‘దూరవిద్యలో నాణ్యత: సవాళ్ళు, అవకాశాలు’ అని అచ్చేసి ఉంటుంది. రైతుబజారులో బెండకాయలమ్మే ఆవిడ ఒకనాడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, “నాణ్యతంటే ఏంటి బాబుగారూ?” అని అడిగింది. “లేతగా ఉండటం అమ్మా” అన్నాను. మూడు రోజులపాటు నలుమూలల నించీ వచ్చిన పండితులు తేల్చలేకపోయిన సంగతిని మేమిద్దరం బెండకాయ కొస విరిచి అక్కడికక్కడే తేల్చేశాం.

ఇలాంటి సంచులు మా అటక మీద ఇంకో పదకొండున్నాయి. ఒకదాంట్లో ఇంటిపన్ను రసీదులు, ఒకదాంట్లో మనవడి పాత బూట్లు, ఒకదాంట్లో మరో రెండు సంచులు. కూరగాయల సంచికి జిప్పు పడదు. కొత్తగా ఉన్నప్పుడే పడలేదు. అందుకే దానికి కూరగాయల యోగం పట్టింది. కాఫీ కలుపుకొచ్చి కూర్చోండి, ఈ సంచుల కథ కాస్త పొడుగే.

నేను ముప్పై ఏళ్ళు ఓ విశ్వవిద్యాలయం దూరవిద్యా కేంద్రంలో అర్థశాస్త్రం చెప్పాను. చెప్పానంటే గొప్పలకి పోవడమే, పోస్టులో వేశాను. ఆదివారాలు మాత్రం కాంటాక్టు క్లాసులుండేవి. ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, కానిస్టేబుళ్ళు, బ్యాంకు అటెండర్లు, ఇంటర్ తప్పి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లులయ్యాక మళ్ళీ పుస్తకం పట్టిన ఆడపిల్లలు, వీళ్ళే నా విద్యార్థులు. ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ అని బోర్డు మీద రాస్తే ఓ కండక్టరు లేచి, “అంటే మూడో గులాబ్‌జామ్ ముచ్చటేగా సార్” అన్నాడు. పుస్తకంలో పేజీన్నర ఉంది అది. ఆ పేజీన్నర రాసింది నేనే.

ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఏడాదికో రెండేళ్ళకో సదస్సులుంటాయి. మొదటిసారి నేను పెట్టె సర్దుకుంటుంటే మా బావమరిది, “ఉత్తరాల చదువుకి సదస్సేంటి బావా, మీరు చెప్పుకోవాల్సింది కార్డు ముక్క మీద రాసి పడేసుకోవచ్చుగా” అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. పదిసార్లు వెళ్ళొచ్చాక, వాడన్నదాంట్లో నిజం ఉన్నందుకు ఇంకా కోపం వచ్చింది.

మా వృత్తికి చరిత్ర లేదనుకునేరు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. మన వైపు ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ దారి పట్టింది. అసలు మలుపు 1982 ఆగస్టు 26న హైదరాబాదులో తిరిగింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్నది నిండా ఏడు నెలలు కూడా కాదు, ఆ కాస్తలోనే ఈ పని జరిగిపోయింది. తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి, అంతకుముందు ఉస్మానియాకి వీసీగా చేసిన మనిషి. పద్దెనిమిదేళ్ళు నిండి, అర్హత పరీక్ష గట్టెక్కితే చాలు, చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ లేకపోయినా బీఏలో చేరొచ్చన్నారు. రెగ్యులర్ కాలేజీల పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. బడి మెట్లెక్కనివాడికి డిగ్రీయా అని. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆ పేరు దానికి అతికినట్టు సరిపోయింది.

రాంరెడ్డిగారే 1985లో దేశస్థాయి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకి కూడా తొలి వీసీ అయ్యారు. 1987లో ఇగ్నో చదువు మొదలైనప్పుడు ఉన్నవి రెండే కోర్సులు. ఒకటి మేనేజ్‌మెంటు. రెండోది ఏమిటనుకుంటున్నారు? దూరవిద్యే. అంటే ఈ చదువు చెప్పేవాళ్ళకి ముందు ఈ చదువు నేర్పాలన్నమాట. ఆ డిప్లొమా నేనూ చదివాను. మా అసైన్‌మెంట్లు కూడా గడువు దాటాకే వెళ్ళాయి. అప్పటినించి పిల్లల అసైన్‌మెంట్లు ఆలస్యమైతే కసురుకోవడం మానేశాను.

పేర్ల గొడవ ఒకటుంది, అదీ చెప్పేస్తాను. అమెరికాలో యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ళు 1915లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో సమావేశమై జాతీయ సంఘం పెట్టుకున్నారు. వందేళ్ళలో ఆ సంఘం పేరు మూడుసార్లు మార్చుకుంది. ఎక్స్‌టెన్షన్ అన్నారు, కంటిన్యూయింగ్ అన్నారు, తర్వాత దానికి ప్రొఫెషనల్ తగిలించారు. మన దగ్గరా అంతే. కరస్పాండెన్స్ పోయి డిస్టెన్స్ వచ్చింది, డిస్టెన్స్ పోయి ఓపెన్ వచ్చింది, ఇప్పుడు ఆన్‌లైన్. పేరు మారినప్పుడల్లా మా ఆఫీసులో కొత్త రబ్బరు స్టాంపులొచ్చేవి. విద్యార్థులు మాత్రం మొదటినించీ ‘ఓపెన్ డిగ్రీ’ అనో ‘ప్రైవేటుగా కడుతున్నా’ అనో చెప్పుకుంటారు.

సరే, సదస్సు దగ్గరికొద్దాం. ఊరి పేరు చెప్పను, చెప్తే వాళ్ళు నొచ్చుకుంటారు. అన్నం పెట్టినవాళ్ళని ఆడిపోసుకోకూడదు, పైగా ఆ గోంగూర మరిచిపోయేది కాదు.

పొద్దున్నే ఆడిటోరియం ముందు బల్ల, దాని వెనక ఇద్దరు రీసెర్చి స్కాలర్లు. రిజిస్ట్రేషను. సంతకం పెడితే సంచి ఇస్తారు. సంచిలో నోటు పుస్తకం, రాయని పెన్ను, సావనీరు, భోజనం కూపన్లు. మనవాళ్ళు ముందు కూపన్లు లెక్కపెట్టుకుంటారు. ముఖ్య అతిథి రావడం ఆలస్యం కాబట్టి ప్రారంభం ఆలస్యం. జ్యోతి ప్రజ్వలన దగ్గర ఫ్యాను గాలికి వత్తి ఆరిపోవడం, ఫ్యాను ఆపమని కేకలు, ఫ్యాను స్విచ్చి ఎక్కడుందో వేదిక మీద ఎవరికీ తెలియకపోవడం. అప్పుడు పక్క తలుపులోంచి ఒకాయన నింపాదిగా వచ్చి, తెర వెనక్కి చెయ్యి పోనిచ్చి, టక్కున నొక్కి వెళ్ళిపోయాడు. బక్కపల్చటి మనిషి, ఖాకీ ప్యాంటు, నడుముకి కొక్కెంతో పెద్ద తాళాల గుత్తి. ఆయన నడిస్తే గలగల. ఈయన్ని గుర్తుపెట్టుకోండి.

శాలువాలయ్యాక కీనోటు. మామూలుగా ఆ ముప్పావుగంటలో నేను సావనీరులోని అచ్చుతప్పులు దిద్దుకుంటాను. ఆరోజు మాట్లాడిన పెద్దాయన మాత్రం ఒక కథ చెప్పాడు, అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇంగ్లండులో జేమ్స్ స్టువర్ట్ అని ఓ కుర్రాడు, కేంబ్రిడ్జి మనిషి, 1867లో ఉత్తరాది ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకి ఖగోళశాస్త్రం చెప్పాడు. లీడ్స్, లివర్‌పూల్, మాంచెస్టర్, షెఫీల్డ్. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు నిండలేదు. పరాయి మగాడు ఆడపిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడగడం, వాళ్ళు జవాబు చెప్పడం మర్యాద కాదు ఆ రోజుల్లో. అందుకని ప్రశ్నలు అచ్చేసి పంచాడు, ఇంటి దగ్గర జవాబులు రాసి పంపమన్నాడు. రాశారు, కుప్పలుగా. అదిగో, మా అసైన్‌మెంటు పుట్టుక! నేను ముప్పై ఏళ్ళు ఎర్ర పెన్నుతో దిద్దిన ఆ దొంతర్లకి మూలం, పాత కాలపు ఇంగ్లీషు పెద్దల బిడియం అన్నమాట.

కథ అక్కడితో అయిపోలేదు. ఆయనే రాచ్‌డేల్ ఊళ్ళో సహకార సంఘం కార్మికులకి ఉపన్యాసాలిచ్చేవాడు. ఒకసారి గోడకి తగిలించిన పటాలు తీసెయ్యకుండా, వచ్చే వారానికి పనికొస్తాయని అలాగే వదిలి వెళ్ళాడు. తర్వాతి వారం వస్తే హాలు కాపలాదారు ఎదురొచ్చి, పటాలు ఉంచి మంచి పని చేశారండీ, మనవాళ్ళు వాటి ముందు చేరి వాదించుకుంటున్నారు, అడగాల్సినవి చాలా ఉన్నాయట, మీరు కాస్త ముందుగా వస్తే అడుగుతారట అన్నాడు. స్టువర్ట్ ముందుగా వచ్చాడు. ఉపన్యాసం పక్కన తరగతి పుట్టింది. 1873లో కేంబ్రిడ్జి తన చదువుని డెర్బీ, లీస్టర్, నాటింగ్‌హామ్‌లకి అధికారికంగా పంపినప్పుడు ఈ పద్ధతే వెంట వెళ్ళింది. ఉపన్యాసం, దాని పక్కన తరగతి, ఇంటి దగ్గర రాత పని. మా కాంటాక్టు క్లాసులకి తాత ఆ హాలు కాపలాదారు. పుస్తకాల్లో స్టువర్ట్ స్టువర్టే, ఆయన మాత్రం హాల్ కీపరు.

చప్పట్లు కొట్టాం. టీకి లేచాం.

టీ దగ్గర మాలో రెండు గుంపులవుతాం. వయోజన విద్య వాళ్ళొక గుంపు, దూరవిద్య వాళ్ళొక గుంపు. వాళ్ళది పాత కుటుంబం. వాళ్ళ అఖిల భారత సంఘం 1939 నాటిది, స్వాతంత్ర్యానికంటే పెద్దది. మేం నిన్నమొన్నటి వాళ్ళం గానీ మా దగ్గర ఫీజులొస్తాయి. వాళ్ళకి గౌరవం ఉంది, బడ్జెట్టు లేదు. మాకు బడ్జెట్టుంది, గౌరవం లేదు. ఈ తేడా బిస్కెట్ల పళ్ళెం దగ్గర కూడా కనపడుతుంది. వాళ్ళు ఒకటి తీసుకుంటారు.

ఆ గుంపులో నెల్లూరు అక్షరాస్యత ఉద్యమంలో పనిచేసిన ఓ పెద్దావిడ ఉండేవారు. మీకు తెలుసుగా దూబగుంట సంగతి. రాత్రి బడిలో ఆడవాళ్ళు చదువుకున్న వాచకంలో, తాగుడు వల్ల చితికిన కాపురం మీద ఓ పాఠం ఉంది. ‘ఇది మన కథే కదా’ అనుకున్నారు, పుస్తకం మూశారు, సారా కొట్టు మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ పెద్దావిడ టీ ఊదుకుంటూ, “పాఠం రాసినవాళ్ళు వాళ్ళ చేత అక్షరాలు దిద్దిద్దామనుకున్నారండీ. వీళ్ళు కొట్టుకి తాళం వేశారు. ఏ పాఠం ఎక్కడ పేలుతుందో మనకేం తెలుస్తుంది?” అన్నారు. అంత మాట లోపల హాల్లో ఎవరూ అనలేదు. సదస్సుల్లో అసలు సరుకు టీ దగ్గరే దొరుకుతుందని ఊరికే అనరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టెక్నికల్ సెషన్లు. గోంగూర, పెరుగన్నం పడ్డాక హాల్లో సగం మంది లేరు, ఉన్న సగం కళ్ళు మూసుకుని వింటున్నారు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. అయిదో నిమిషంలో అధ్యక్షుడు చీటీ పంపుతాడు, ‘2 ని.’ అని. చీటీ చూసి మనవాడు కంగారుపడి నలభై స్లైడ్లని గబగబా తిప్పేస్తాడు, కాలెండరు కాగితాలు గాలికి ఎగిరినట్టు. పేపరు వినిపించామన్న సర్టిఫికెట్టుంటే ప్రమోషనుకి పాయింట్లొస్తాయి. వినేవాళ్ళకి ఏ పాయింట్లూ లేవు. ఆ నియమం పెట్టినవాళ్ళు ఈ చిన్న విషయం గమనించినట్టు లేదు.

స్వీడనుకి చెందిన హోంబెర్గ్ అని మా శాస్త్రంలో పెద్ద పేరు. దూరవిద్య పాఠం విద్యార్థితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుండాలని జీవితమంతా చెప్పాడు. ఆ సూత్రం మీద ఆరోజు మూడు పేపర్లొచ్చాయి. ముగ్గురూ తలెత్తకుండా కాగితం చూసి చదివారు.

నా పేపరు ‘డ్రాపౌట్లు: సామాజిక, ఆర్థిక కారణాలు’. మొదటి ఏడాది ఫీజు కట్టి, రెండో ఏడాదికి కనపడకుండా పోయే విద్యార్థుల మీద. పట్టికలున్నాయి, శాతాలున్నాయి, కారణాలు ఒకటి నించి తొమ్మిది దాకా ఉన్నాయి. ఆడపిల్లల్లో మానేసేవాళ్ళు ఎక్కువని, ప్రేరణ లోపించడమే ముఖ్య కారణమని తేల్చాను. ‘ప్రేరణ’ అనే మాట ఎంత మంచిదంటే, మనకి కారణం తెలియనప్పుడు అది అన్ని చోట్లా పనికొస్తుంది.

“ప్రశ్నలేమైనా?” అన్నాడు అధ్యక్షుడు. ఎవరూ కదల్లేదు. తలుపు దగ్గర గలగల మంది. పొద్దున ఫ్యాను ఆపినాయన.

“ఒక్క మాట చెప్పొచ్చా సార్?”

అధ్యక్షుడు వాచీ చూసుకుని తలూపాడు. ఆయన లోపలికి రాలేదు. తలుపు రెక్క పట్టుకునే మాట్లాడాడు. తనది డిస్పాచ్ సెక్షనట. సదస్సుల రోజుల్లో హాలు డ్యూటీ వేస్తారట.

“వాళ్ళు చదువు మానలేదు సార్. ఇల్లు మారారు.”

హాల్లో ఒకరిద్దరు కళ్ళు తెరిచారు.

“పుస్తకాల పార్సిళ్ళు తిరిగొస్తాయి కదండీ. వేసవి పోయాక చూడండి, ఆడపిల్లలవే ఎక్కువ. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్ళిళ్ళు. ఆ పిల్ల పుట్టింటి అడ్రసిచ్చి చేరుతుంది. పెళ్ళయి అత్తారింటికి పోతుంది. పార్సిల్ పుట్టింటికెళ్తుంది. వాళ్ళు ‘ఇక్కడ లేదు’ అంటే పోస్ట్‌మ్యాన్ అదే రాసి పంపేస్తాడు. మనం ఆఫీసులో ‘రెస్పాన్స్ లేదు’ అని రాసుకుంటాం. ఆ పిల్ల అక్కడ పుస్తకాలు రాలేదని చూస్తానే ఉంటది. అత్తగారి ముందు అడగలేదు కదండీ, ఉత్తరం ఎవరి చేత రాయిస్తది?”

“మరి మీరేం చేస్తున్నారు?” అని అడిగింది నేనే. గొంతు కాస్త వెటకారంగానే ఉందని ఇప్పుడనిపిస్తుంది.

“తిరిగొచ్చినవి తూకానికి వెయ్యమన్నారు సార్. నేను వెయ్యలేదు. బీరువాలో పెట్టాను, ఊళ్ళవారీగా. పరీక్షలకి ఎట్లాగూ వస్తారు కదా, కొందరు. హాల్‌టికెట్టు కోసం కిటికీ దగ్గరికొచ్చి నిలబడతారు. పేరడిగి తీసిస్తా. పుస్తకం చేతిలో పెడితే కొంతమంది ఏడుస్తారు సార్, పరీక్ష రేపే కదా అని. పోయినేడు నించి ఇంకో పని చేస్తన్నా. చేరేప్పుడే అడుగుతన్నా, అమ్మా, పెళ్ళి చూపులేమన్నా అవుతున్నయ్యా, అయితే ఒక ఫోన్ నంబరు ఇచ్చిపో, చుట్టాలదైనా సరే అని. కొందరు తిట్టారు. కొందరు నవ్వి ఇచ్చారు.”

అని చొక్కా జేబులోంచి ఓ పొడుగాటి పుస్తకం తీసి చూపించాడు. పాలవాడి పుస్తకమంత ఉంది. నీలం, ఎరుపు సిరాలతో పేర్లు, కొట్టివేతలు, బాణం గుర్తులు. బాణానికి ఇటు పుట్టిల్లు, అటు అత్తిల్లు.

నా దగ్గర తొమ్మిది కారణాలున్నాయి. వాటిల్లో పెళ్ళి ఆరోది, దాని ఎదురుగా ఓ శాతం. ఆ శాతం లోపల ఓ పోస్ట్‌మ్యాను, ఓ గుమ్మం, ‘ఇక్కడ లేదు’ అన్న ఓ తండ్రి ఉన్నారని నాకెప్పుడూ తట్టలేదు. డ్రాపౌట్ అన్నాం మేం, చెట్టు నించి కాయ రాలిపోయినట్టు. కాయ రాలలేదు, బుట్ట మేమే తప్పుడు చెట్టు కింద పెట్టాం.

“వెరీ ఇంట్రెస్టింగ్ అబ్జర్వేషన్” అన్నాడు అధ్యక్షుడు. “నెక్స్ట్ పేపర్.”

మూడో రోజు ముగింపు సభలో సెషన్ల నివేదికలు చదివారు. మా సెషన్లో ఎనిమిది పేపర్లు వచ్చాయని, ఫలప్రదమైన చర్చ జరిగిందని, విద్యార్థుల్లో ప్రేరణ పెంచేందుకు కౌన్సెలింగ్ ఏర్పాట్లు పటిష్ఠం చెయ్యాలని సిఫార్సు. తలుపు దగ్గరి మాటలు ఒక్కటీ లేవు. రిజిస్టరు చేసుకున్న ప్రతినిధుల పేర్లే రాయాలని నియమం ఉందట, ర్యాపోర్టియరు నియమం పాటించాడు. ఆ ర్యాపోర్టియర్ని నేనే.

నియమం నా మీద పడేసి తప్పించుకుంటున్నాననుకోకండి. రాయాలనే కూర్చున్నాను. ఏమని రాయాలి? పేరు, హోదా, సంస్థ, పేపరు శీర్షిక అని నాలుగు గళ్ళున్న ఫారం అది. మొదటి గడి దగ్గరే ఆగాను, ఆయన పేరు నేను అడగలేదు. లేచి వెళ్ళి అడిగితే అయిపోయేది. తలుపు నా కుర్చీకి పది అడుగుల దూరం. రైలుకి టైమవుతోంది, టీఏ బిల్లు మీద సంతకం ఇంకా కాలేదు.

సాయంత్రం అందరూ పోయాక, వదిలేసిన నీళ్ళ సీసాలు ఏరుతూ కనపడ్డాడు. దగ్గరికెళ్ళి పేరు అడిగాను. చెప్పాడు. అప్పుడు రాసుకున్నాను, నా సొంత పుస్తకంలో. మా ఊరొచ్చాక మా కేంద్రంలో తిరిగొచ్చిన పార్సిళ్ళ గది తెరిపించాను. దాని తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియదు, మా అటెండరుని అడిగితే జేబులోంచి తీశాడు. అడ్మిషన్ ఫారంలో రెండో అడ్రసు గడి పెట్టించడానికి నాకు రెండేళ్ళు, నాలుగు కమిటీలు పట్టాయి. ‘పెళ్ళి చూపులేమన్నా అవుతున్నయ్యా’ అన్న ప్రశ్నని మాత్రం ఏ కమిటీ చేతా ఒప్పించలేకపోయాను. దాన్ని మా కౌంటరులో ఉండే ఆవిడ ఏ ఫారమూ లేకుండా అడిగేది.

ఆ సాయంత్రం జరిగింది ఇంకొకటుంది. మాటల్లో తెలిసింది, సంచులన్నీ సర్దింది ఆయనేనట. నోటు పుస్తకం, పెన్ను, సావనీరు, కూపన్లు వరసలో పెట్టి, నూట యాభై సంచులు, రెండు రాత్రులు. “మీకో సంచి ఇచ్చారా?” అన్నాను. ప్రతినిధులకే లెక్క సరిపోయిందన్నాడు. నాకేదో అయింది. భుజాన ఉన్న సంచి తీసి, కాగితాలు పెట్టెలోకి మార్చుకుని, ఆయన చేతిలో పెట్టబోయాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి వెనక్కిచ్చేశాడు.

“వద్దులే సార్. దీనికి జిప్పు పడదు. సర్దేప్పుడే చూశా.”